పొగ మెకానిక్, నూటపదిహేను వోల్టుల పెట్టె

"అక్కడ ఏం రాసుందో చూశారా?"

"చూశాను."

"మరి?"

"చదివాను కూడా. అయినా తెచ్చాను," అంది ఆ అమ్మాయి. అని, తన రెయిన్‌కోటు కప్పి మోసుకొచ్చిన పెట్టెని కౌంటరు మీద దబ్బున పెట్టింది. కౌంటరు మీదున్న స్క్రూలు నాలుగు ఎగిరి కిందపడ్డాయి. పెట్టె మీద చుక్క తడిలేదు. మనిషి మాత్రం జడ చివరి నుంచి చెప్పులదాకా ముద్దయి ఉంది.

గోడ మీది అట్టముక్కలో ఇలా ఉంది: "వేరే దేశపు వోల్టేజి సామాన్లు తీసుకోబడవు. బతిమాలవద్దు."

"బతిమాలడానికి రాలేదు. రిపేరుకొచ్చాను," అంది ఆమె, జుట్టు పిండుకుంటూ.

ఆ వీధిలో రిపేరు షాపులు ఏడున్నాయి. ఈ షాపు కుర్రాడి అసలు పేరు అతని తల్లికి గుర్తుంది, రేషన్ కార్డుకి గుర్తుంది. మిగతా అందరికీ అతను పొగ మెకానిక్. దగ్గరివాళ్ళకి ఉత్త పొగ. రెండేళ్ళ క్రితం ఒక పెద్దాయన యాంప్లిఫయర్‌ని రిపేరు చేసి, తొందరపడి స్విచ్ వేసి, నిలువునా తగలెట్టేశాడు. ఆ పొగ వీధి చివర మంగలిషాపు దాకా వెళ్ళింది. పేరు కూడా అంతదాకానే వెళ్ళి, తిరిగొచ్చి ఇతని నెత్తినే కూర్చుంది. చేసుకున్నవాడికి చేసుకున్నంత.

అప్పట్నించీ అతనికి రెండు నియమాలు. ఒకటి ఆ అట్టముక్క. రెండోది సిరీస్ బల్బు. బాగుచేసిన ఏ వస్తువునైనా నేరుగా కరెంటుకి తగిలించడు. మధ్యలో ఒక మామూలు బల్బు పెడతాడు. లోపల ఎక్కడైనా షార్టుంటే బల్బు భగ్గున వెలుగుతుంది, వస్తువు బతుకుతుంది. అంతా బాగుంటే బల్బు ఒక్కసారి మినుక్కుమని తగ్గిపోతుంది.

"ఇది సబ్‌వూఫరండీ," అన్నాడు పొగ, పెట్టె వెనక్కి వంగి చూసి. "అడుగు శబ్దాలు, డోలు దెబ్బలు పలికే పెట్టె. లోపలే యాంప్లిఫయర్ ఉంటుంది. నూటపదిహేను వోల్టులది. మన గోడలో వచ్చేది రెండువందల ముప్ఫై. ఎక్కడ కొన్నారు?"

"ఇల్లు ఖాళీ చేసి వెళ్తున్నవాళ్ళ దగ్గర. బాగుంది కదా అని."

"బాగానే ఉంది. వోల్టేజి తగ్గించే స్టెప్‌డౌన్ ట్రాన్స్‌ఫార్మర్ ఒకటి కొనుక్కుని తగిలించుకోండి. అయిపోతుంది."

"కొన్నాం. అది ఇరవైనాలుగు గంటలూ గుయ్యిమంటుంది. మా నాన్నకి చెవులు పూర్తిగా పోయాయి. పాట వింటే పాదాల్లోంచే వినాలి. పాట లేనప్పుడు కూడా కాళ్ళకింద ఏదో గోకుతోందని ఆయన దాన్ని తీసి బయట పారేశారు."

పొగ పెట్టెని తనవైపు తిప్పుకున్నాడు.

"ముప్ఫై ఏళ్ళు సినిమా హాల్లో సౌండ్ ఆపరేటరు. చెవులు పోయాక ఎవరైనా మాట్లాడితే రాయమని పలక అందించేవాడు. ఆరునెలలుగా ఆ పలక కూడా అందించట్లేదు." అక్కడిదాకా గడగడా చెప్పిన అమ్మాయి ఆగింది. "ఇది పలికితే ఆయన కూడా పలుకుతాడని నా ఆశ. కుదరదంటే చెప్పండి, మోసుకుపోతాను."

బయట వాన మరో పట్టు పట్టింది. ఆమె ముక్కు చివర ఒక నీటిచుక్క పడాలా వద్దా అని ఆలోచిస్తోంది. మన పొగ వోల్టేజి గురించి ఆలోచించవలసినవాడు, ఆ చుక్క గురించి ఆలోచించాడు.

"పేరు?" అన్నాడు రసీదు పుస్తకం తీసి.

"డ్రైవింగ్ స్కూల్ అని రాయండి. నేను నేర్పేదాన్ని."

"బతిమాలవద్దన్న బోర్డు ఎందుకు పెట్టానో నాకే తెలీట్లేదు," అన్నాడు పొగ.

"నేను బతిమాలలేదుగా," అంది ఆమె.

ఆ తర్వాత ఆమె రోజుకొకసారి వచ్చింది. ఒక క్లాసుకీ ఇంకో క్లాసుకీ మధ్య పావుగంట ఖాళీ. పైన ఎర్రటి L బోర్డున్న కారు షాపు ముందు ఆగేది. ఎదురు షాపుల వాళ్ళు, "పొగ కారు నేర్చుకుంటున్నాడ్రా," అని నవ్వుకునేవాళ్ళు. పొగ షాపులోకి ఒక అద్దమూ, దాని పక్కన ఒక దువ్వెనా కొత్తగా వచ్చాయి. ఎందుకని ఎవరూ అడగలేదు. అడిగే అవసరం ఎవరికీ కనబడలేదు.

మూడోరోజు పెట్టె వెనక మూత విప్పి ఆమెకి చూపించాడు. మధ్యలో తీగలు చుట్టిన గుండ్రటి ట్రాన్స్‌ఫార్మరు కూర్చునుంది.

"అదృష్టం బాగుంది. కరెంటు లోపలికొచ్చే వైపు రెండు చుట్లున్నాయి. ఒక్కోదానికీ నూటపదిహేను. ఇప్పుడివి పక్కపక్కన నిలబడ్డాయి. వీటిని ఒకదాని వెనకొకటి కలిపితే రెండువందల ముప్ఫైని చెరిసగం పంచుకుంటాయి."

"అంతేనా? మరి పదిరోజులు పడుతుందన్నారెందుకు?"

"ఒకదాని చివర ఇంకోదాని మొదటికి కలపాలి. చివరకి చివర కలిపితే రెండూ కొట్టుకుని ఫ్యూజు ఎగిరిపోతుంది. ఏది మొదలో ఏది చివరో వీటి మీద రాసుండదు. కొలిచి తెలుసుకోవాలి. తర్వాత ఫ్యూజు సగానికి తగ్గించాలి. ఆ తర్వాత బల్బు పెట్టి చూడాలి."

"ఎన్నిసార్లు చూస్తారు?"

"మూడుసార్లు."

"భయమా?"

"భయమే," అన్నాడు పొగ. దాచుకోలేదు.

ఆమె అతని వంక ఒక నిమిషం చూసింది. వెనక అద్దంలో లారీ కనబడినప్పుడు డ్రైవర్లు చూసే చూపది. తర్వాత క్లాసుకి వెళ్ళిపోయింది. పొగ ఆ రోజంతా ఆ చూపుకి అర్థం వెతుక్కుంటూ ఒక మిక్సీకి రేడియో నాబు బిగించాడు.

పదోరోజుకి పని అయింది. వెనకనున్న చిన్న స్విచ్‌ని ఆన్‌లో పెట్టి బల్బుతో మూడుసార్లు పరీక్షించాడు. మూడుసార్లూ బల్బు మినుక్కుమని తగ్గిపోయింది. తర్వాత నేరుగా తగిలించి గంటసేపు పాటలు పెట్టాడు. షాపు షట్టరు గడగడలాడింది. పక్క షాపువాడు వచ్చి, "పొగ రాలేదేంట్రా?" అని అడిగి మరీ వెళ్ళాడు.

"ఇంటికొచ్చి బిగించాలి," అంది డ్రైవింగ్ స్కూల్ అమ్మాయి. "కార్లో కూర్చోండి."

ట్రైనింగు కారు కనక పక్క సీటు ముందు కూడా ఒక బ్రేకుంటుంది. నేర్చుకునేవాళ్ళు కంగారు పడితే గురువు తొక్కడానికి. ఇవాళ గురువు స్టీరింగు దగ్గరుంది. శిష్యుడు కానివాడు గురువు సీట్లో కూర్చున్నాడు.

"ఆ పెడల్ మీద కాలు పెట్టకండి," అంది ఆమె.

"నేనెందుకు పెడతానండీ?"

రెండు వీధులు దాటింది కారు. ఎడమకి తిరిగింది. నీలం గేటు, గేటు పక్కన పగిలిన నీళ్ళతొట్టి కనబడ్డాయి. పొగ కాలు దానంతటదే బ్రేకు మీద పడింది. కారు కీచుమని నడిరోడ్డు మీద ఆగిపోయింది. వెనక స్కూటరతను ఇద్దర్నీ కలిపి ఒకే తిట్టు తిట్టి, పక్కనుంచి వెళ్ళిపోయాడు.

"ఈ ఇల్లా?" అన్నాడు పొగ.

"ఈ ఇల్లే."

"నేను తగలెట్టిన యాంప్లిఫయర్..."

"మా నాన్నదే. తన చేత్తో కట్టుకున్నది. హాలు నుంచి ఎవరో తెచ్చి మీ షాపులో ఇచ్చారు. దాన్ని తిరిగి మోసుకొచ్చింది మీరు."

"ముందే ఎందుకు చెప్పలేదండీ?"

"చెబితే తీసుకునేవారా?"

పొగ నీలం గేటు వైపు చూశాడు.

"ఆ రోజు మా నాన్న తలుపు తీయలేదు," అంది ఆమె, స్టీరింగు మీద వేళ్ళు చూసుకుంటూ. "మీరు తలుపుతోనే మాట్లాడారు. కరెంటు ఎక్కువొచ్చిందని చెప్పొచ్చు సార్, మా వీధిలో అందరూ అదే చెబుతారు, కానీ బల్బు పెట్టకుండా స్విచ్ వేసింది నేనే, తప్పు నాది అన్నారు. మీ సొంత యాంప్లిఫయర్ మెట్ల మీద పెడతానన్నారు. మా నాన్న లోపల్నుంచి పొమ్మన్నారు."

"మీరెక్కడున్నారప్పుడు?"

"తలుపు వెనకే. చెయ్యి గడియ మీదుంది. తీసే ధైర్యం లేకపోయింది." ఆమె గేరు మార్చింది. "నా దగ్గర నేర్చుకునేవాళ్ళని చూస్తాగా. ఒకసారి గుద్దినవాడే తర్వాత అద్దాలు చూసుకుంటాడు. అందుకే వేరే షాపుకి వెళ్ళలేదు. కాలు తీయండి, వెళ్దాం."

"ఆయనకి తెలిస్తే?"

"మీ మొహం ఆయన చూడలేదు. గొంతు గుర్తుపట్టడానికి ఇప్పుడు చెవుల్లేవు. మీరు చెప్పకపోతే తెలీదు."

పొగ కాలు తీశాడు. కారు కదిలింది.

ముందుగదిలో పెద్దాయన కిటికీ దగ్గర చెక్కకుర్చీలో కూర్చునున్నాడు. ఒళ్ళో పలక, జేబులో బలపం. చెవులు పోయినవాళ్ళతో ఒక చిక్కుంది. తాము ఎంత గట్టిగా మాట్లాడుతున్నారో వాళ్ళకి తెలీదు. ఈయన రహస్యం చెప్పాలనుకుంటే, ప్రహరీ అవతల పక్కింటి అత్తయ్య ఆ పూట రేడియో కట్టేసేది.

"కుర్రాడు చూడ్డానికి బాగానే ఉన్నాడు గానీ," అని పెద్దాయన కూతురి చెవిలో గుసగుసగా కేకేశాడు, "ఆ చెమటేమిటే? జ్వరమా?"

ఆరునెలల తర్వాత తండ్రి అడిగిన మొదటి ప్రశ్న అది. ఆ అమ్మాయికి నవ్వూ ఏడుపూ ఒకేసారి వచ్చాయి. రెంటినీ మింగేసి, "ఎండ నాన్నా," అని పలక మీద రాసింది. బయట ముసురు పట్టి ఉంది.

పొగ కుక్కిన పేనులా తన పని చేసుకున్నాడు. పెట్టెని కుర్చీ పక్కన నేలమీద పెట్టాడు, వైర్లు కలిపాడు. చివర ఆ అమ్మాయి వంగి వెనక స్విచ్‌ని చూసింది.

"ఆటో అనుంది. ఏంటిది?"

"అందులో పెడితే పాట మొదలవగానే పెట్టె తనే నిద్రలేస్తుంది. పాటయిపోతే తనే పడుకుంటుంది."

"అయితే అందులోనే పెట్టండి. నాన్న వంగక్కర్లేదు."

పెట్టాడు. పాట మొదలైంది. ఒక పాత పాట, అడుగున డోలు నిదానంగా నడిచే పాట. పెద్దాయన చెప్పులు విడిచి పాదాలు నేలకి ఆనించాడు. కాసేపు ఏమీ జరగలేదు. తర్వాత ఆయన కుడి పాదం బొటనవేలు ఒక్కటీ లేచి పడింది. మళ్ళీ లేచి పడింది. సరిగ్గా డోలు మీదే.

"చరణంలోకి వెళ్ళింది!" అని అరిచాడు. "ఇక్కడ మూడో దెబ్బ కొంచెం ఆలస్యంగా వేస్తాడు చూడు. వేశాడా? వేశాడా!"

వేశాడు. ఆ అమ్మాయి గోడకి తిరిగి నిలబడింది. భుజాలు కదులుతున్నాయి. పొగకి ఇంతకంటే గొప్ప జీతం ఎవరూ ఇచ్చి ఉండరు. ఇప్పుడు బయటికి నడిస్తే చాలు. మంచి పేరుతో, మంచి మొహంతో, రేపు మళ్ళీ రాగలిగే మనిషిగా నడవచ్చు.

పాటలయ్యాయి. టీ వచ్చింది. పెద్దాయన సినిమా హాలు కబుర్లు ఆపకుండా చెబుతున్నాడు. చెబుతూ చెబుతూ పెట్టె వెనక అరచెయ్యి వేశాడు. ముప్ఫై ఏళ్ళు మిషన్ల మీద అలా చెయ్యి వేసిన మనిషి. మాట మధ్యలో ఆగిపోయింది.

"ఇది పడుకుంది కదోయ్. పడుకున్న పెట్టె ఒళ్ళు ఎందుకు కాలుతోంది?"

పొగ కప్పు కింద పెట్టి తనూ చెయ్యి వేసి చూశాడు. ఒకచోట చుర్రుమంది.

ఒక్క క్షణంలో అంతా అర్థమైంది. పెట్టె నిద్రలో ఉన్నప్పుడు పాట కోసం కాపలా కాయడానికి లోపల ఇంకో బుల్లి ట్రాన్స్‌ఫార్మరుంటుంది. ఆటోలో పెడితేనే దానికి కరెంటు వెళ్తుంది. దానికున్నది ఒకటే చుట్టు, నూటపదిహేనుది. దాని మీద ఇప్పుడు రెండువందల ముప్ఫై పడుతోంది. షాపులో మూడుసార్లు బల్బు పెట్టాడు, గంటసేపు పాటలు పెట్టాడు. అంతా ఆన్‌లోనే. ఆటోలో ఒక్కసారి కూడా చూడలేదు. ఇంకో అరగంట వదిలేస్తే ఈ ఇంట్లో మళ్ళీ పొగ.

చెప్పడానికి ఒక మాట నాలుక చివరే ఉంది. "ఫారిన్ పెట్టెలు అంతేనండీ, కాస్త వేడెక్కుతాయి." వీధిలో ఏడు షాపుల వాళ్ళకీ కంఠతా వచ్చిన మాట. అది చెప్పి, స్విచ్ ఆన్‌కి మార్చి, "ఇలాగే వాడండి," అని లేచిపోతే ఎవరికీ ఏమీ తెలీదు.

ఆ అమ్మాయి అతన్నే చూస్తోంది.

పొగ ప్లగ్గు పీకేశాడు. పెద్దాయన ఒళ్ళో పలక తీసుకుని రాశాడు. అక్షరాలు కోడి గీకినట్టు పడ్డాయి.

పెద్దాయన కళ్ళజోడు సర్దుకుని బిగ్గరగా చదివాడు. "ఆటోలో పెట్టి చూడలేదు. తప్పు నాది."

మళ్ళీ మెల్లగా చదివాడు. "తప్పు నాది."

పలక కిందికి దించాడు. "ఈ మాట నేను విన్నాను. చెవులున్నప్పుడు విన్నాను. ఆ రోజు తలుపవతల నిలబడ్డది నువ్వేనా?"

పొగ తలూపాడు.

"నాన్నా..." అని అడుగు ముందుకేసింది కూతురు. ఆయన చెయ్యెత్తి ఆపాడు.

"ఆ తర్వాత ఏడాది నా చెవులు పనిచేశాయోయ్," అన్నాడు పెద్దాయన. ఇప్పుడు గొంతు ఎందుకో మామూలు మనుషుల గొంతంతే ఉంది. "వినడానికి పెట్టె లేదు. రాత్రీ పగలూ నిన్ను తిట్టుకున్నాను."

పొగ తల దించుకుని నిలబడ్డాడు. నిజంగానే అవి తిరిగిరాని రోజులు. అవి తన చేతిలో కాలిపోయాయి. ఇవాళ ఈ ఇంట్లోంచి వెళ్ళిపొమ్మన్నా న్యాయమేనని అతనికి అనిపించింది. వెళ్ళాలని మాత్రం లేదు.

"కానీ నువ్విస్తానన్న పెట్టె తీసుకుని ఉంటే వినేవాణ్ణి కదా," అన్నాడు పెద్దాయన. "తలుపు వేసింది నేను. ఏమైపోయినా నా పంతం నెగ్గాలనుకునే రకం నేను. అందుకని సగం తప్పు నాది. వింటున్నావా? నాకెలాగూ వినబడదు, నువ్వైనా విను."

పొగ తలెత్తాడు.

"నిలబడ్డావేం? విప్పు దాన్ని! అమ్మలూ, ఆ బీరువా మీదున్న శవాన్ని దించు!"

శవం అంటే పాత యాంప్లిఫయర్. రెండేళ్ళుగా గుడ్డ కప్పుకుని బీరువా మీదే ఉంది. సగం బోర్డు బొగ్గయిపోయింది. మూలన మాత్రం అగ్గిపెట్టెంత ట్రాన్స్‌ఫార్మరు ఒకటి చెక్కుచెదరకుండా ఉంది. పొగ మీటరు పెట్టి కొలిచాడు. లోపలికి రెండువందల ముప్ఫై, బయటికి పన్నెండు. కాపలా పనికి అచ్చంగా కావలసిందే.

అతను టంకం కరిగిస్తుంటే ఆమె టార్చి పట్టుకుంది. టార్చి వెలుగు పని మీద పడాలి. పడింది గానీ, మధ్యమధ్య అతని మొహం మీదికి జారిపోతోంది.

"వెలుగు," అన్నాడు పొగ.

"సారీ," అంది. మళ్ళీ జార్చింది.

అంతా అయ్యాక పొగ చుట్టూ చూశాడు. సిరీస్ బల్బు షాపులో ఉండిపోయింది. పెద్దాయన అప్పటికే లేచి, బీరువా కింది అర లాగి, చెక్కముక్కకి బిగించిన తన పాత బల్బు హోల్డరు తీసి చేతికిచ్చాడు.

"ఆ రోజు అడిగుంటే ఇదే ఇచ్చేవాణ్ణి."

స్విచ్ ఆటోలో పెట్టారు. ముగ్గురూ బల్బు చుట్టూ కూర్చున్నారు. బల్బు ఒక్కసారి మినుక్కుమంది, తగ్గింది, ఆరిపోయింది. తర్వాత పెట్టెని నేరుగా గోడకి తగిలించి, అరగంట వంతులవారీగా చేతులు వేసి చూశారు. పెట్టె చల్లగా ఉంది. ఒకసారి వంతు తప్పి రెండు చేతులు ఒకేసారి పడ్డాయి. ఆ రెండూ పెద్దాయనవి కావు.

ఆయన చూడనట్టు కిటికీ వైపు తిరిగాడు. తర్వాత కూతుర్ని దగ్గరికి పిలిచి, ఎంతో గుట్టుగా, వీధి మొత్తానికీ వినబడేలా అడిగాడు.

"ఏమే, ఈ అబ్బాయంటే నీకిష్టమా?"

పొగ చేతిలో స్క్రూడ్రైవరు జారిపోయింది. ఆ అమ్మాయి మొహం L బోర్డు రంగుకి తిరిగింది. పలక లాక్కుని, అతనికి కనబడకుండా అటు తిరిగి, ఏదో రాసి తండ్రి ముందుంచింది. ఎవరికీ చెప్పొద్దని వేలు పెదాల మీద పెట్టుకుంది కూడా.

పెద్దాయన కళ్ళజోడు పైకి తోసి చదివాడు.

"రెండేళ్ళ నుంచీ!"

"నాన్నా!"

"రెండేళ్ళ నుంచీ అంటావేమిటే? తలుపు వెనక నిలబడా? మొహమైనా చూడకుండానా?"

ఊరంతా తనని పొగ అని పిలిచి నవ్విన రెండేళ్ళూ, ఒకచోట ఒక మనిషి తనని ఇంకోలా తలుచుకుంటూ ఉందన్నమాట. ఎక్కడ లేని సంతోషం ముంచుకొచ్చి పొగ కళ్ళు చెమర్చాయి.

"నువ్వేమంటావోయ్?" అని పెద్దాయన పలక తుడిచి అతనికిచ్చాడు. "రాయి, నాకు వినబడదు."

పొగ బలపం తీసుకున్నాడు. పెద్ద మాటలేవో రాయాలనుకున్నాడు గానీ ఒక్కటీ తట్టలేదు. ఉన్నదే రాశాడు.

పెద్దాయన చదివాడు. "నాకు పదిరోజుల నుంచి." చదివి, పొగని ఎగాదిగా చూశాడు. "పదిరోజులేనా! మా అమ్మాయి నీకంటే రెండేళ్ళు సీనియరోయ్!"

ప్రహరీ అవతల పకపకా నవ్వు వినబడింది. "మాకూ వినబడింది అన్నయ్యగారూ! కుర్రాడు నిజమే చెప్పాడులెండి!" అంది పక్కింటి అత్తయ్య.

"ఏమంటోందే ఆవిడ?" అని అడిగాడు పెద్దాయన.

కూతురు పలక అందుకుంది. పొగ రాసిన మాటలు తుడవబోయి ఆగింది. వాటి కిందే చిన్న అక్షరాలతో "మళ్ళీ పాట పెట్టమంటోంది" అని రాసి చూపించింది.

"అంతేనా?" అని పెద్దాయన చెప్పులు విడిచి, పాదాలు రెండూ నేలకి ఆనించి కూర్చున్నాడు.